ఒక పేజీకి మించకూడదు

కాలేజీ స్టాఫ్ రూము,
వానలు మొదలైన వారం

వదినా,

ఉత్తరమేమిటి, ఫోను పాడైందా అని అడుగుతావు. పాడవలేదు. ఫోను చేస్తే "ఎలా ఉన్నాడు" అని నేనంటాను, "అలాగే ఉన్నారు" అని నువ్వంటావు. "తిన్నావా" అంటాను, "ఆ" అంటావు. ఆ తరవాత ఇద్దరం గొంతు సవరించుకుని పెట్టేస్తాం. మెదడులో నరం చిట్లి అన్నయ్య పడిపోయినప్పటి నుంచీ మనం మాట్లాడుకుంటున్నది ఇంతే. కాగితం మీదైతే కాస్త ఎక్కువ మాట్లాడతావేమోనని ఆశ.

ముందు నీకు కోపం తెప్పించేది చెప్పేస్తాను. మా కాలేజీ వెనక వీధిలో, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే హోము ఉందన్నాను కదా. అక్కడ ఒక మంచం ఖాళీ అయింది. పెద్ద నర్సుతో మాట్లాడాను, టర్ము అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతానంది. శుభ్రంగా ఉంది. డాక్టరు రోజూ వస్తాడు. సాయంత్రాలు నేను వెళ్ళి కూర్చుంటాను, నువ్వు మళ్ళీ కళ్ళజోళ్ళ షాపులో చేరొచ్చు. వద్దంటావని తెలుసు. కనీసం నాలుగు రోజులాగి వద్దను.

రెండోది. ఈసారి మొదటి సంవత్సరం పిల్లలకి జీవశాస్త్రం నాకే తగిలించారు. పాఠం బట్టీ పట్టి అప్పజెప్పడం మాన్పిద్దామని చిన్న చిన్న అసైన్‌మెంట్లు పెట్టాను. ఒక్కటి ఒక్క పేజీకి మించకూడదు. మొదటిది ఇది: "ఏదైనా ఒక జీవిని వారం రోజులు గమనించి, కంటికి కనిపించింది మాత్రమే రాయండి." ఒకడు బల్లిని చూసి "బల్లి చాలా దిగులుగా ఉంది" అని రాశాడు. "నీతో చెప్పుకుందా?" అని పక్కన రాసి రెండు మార్కులు తీసేశాను. ఇంకో అమ్మాయి హాస్టల్ వార్డెన్ గురించి రాసి, ఇది జీవి అవునో కాదో చెప్పమని నన్నే అడిగింది.

నువ్వూ ఒక పేజీ రాసి పంపు వదినా. దిద్ది పంపిస్తాను. నిజం చెప్పొద్దూ, దిద్దడానికి ఎన్ని ఎక్కువైతే నాకు అంత మంచిది. అందరూ నాలుగింటికే ఇళ్ళకి పోతారు. నేను పోయేది గదికి. అక్కడ నన్ను పలకరించేది కుక్కర్ విజిల్ ఒక్కటే.

నీ ఆడపడుచు

*

మన ఇల్లు, వంటింటి బల్ల

పంతులమ్మగారికి,

నాలుగు రోజులు కాదు, వారం ఆగాను. వద్దు.

ఎందుకో కూడా చెప్తాను, మళ్ళీ అడగకు. ఆయనకి నేను తెలుసు. డాక్టర్లు ఏమైనా చెప్పనీ, మనిషి ఉన్నారు కానీ ఎవరినీ గుర్తుపట్టరని ఎన్ని కాగితాల మీదైనా రాయనీ. రోజూ ఆయన పక్కన కూర్చునేదాన్ని నేను. తెలిసినంతకాలం ఆయన్ని ఇంకొకళ్ళ చేతిలో పెట్టను. తెలియదని నాకు నేనుగా నమ్మిన రోజున, నువ్వు చెప్పిన చోటికే పంపిస్తాను. ఆ మాట ఇస్తున్నాను గనక ఆ మంచం సంగతి ఇక ఎత్తకు.

ఈ వయసులో నన్ను కాలేజీలో చేర్పించావు కదా, పోనీలే. ఇదిగో నా మొదటి పేజీ. బాత్రూము కొళాయికి గూడు అల్లుకుని ఒక సాలీడు ఉంది, దాని గురించి రాశాను. కొళాయి తిప్పినప్పుడల్లా మూల నుంచి పరుగెత్తుకొస్తుంది, నీళ్ళు ఆగాక వెనక్కి పోతుంది. ఏదో పురుగు పడిందనుకుంటుందేమో. చూశావా, "అనుకుంటుందేమో" అని రాసేశాను. కొట్టెయ్యి.

పొద్దున ఆయమ్మ వచ్చి ఒళ్ళు తుడవడానికి సాయం పట్టి వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఇంట్లో మాట వినబడితే అది నాదే. ఒక్కోసారి నా గొంతే నాకు కొత్తగా ఉంటుంది. షాపులో ఉన్నప్పుడు రోజంతా వాగేదాన్ని, "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని. ఇప్పుడు సాలీడుతో అంటున్నాను.

వదిన

*

స్టాఫ్ రూము

వదినా,

సాలీడుకి పదికి ఎనిమిది. మా క్లాసులో ఎవరికీ అంత రాలేదు, మిడిసిపడకు. "అనుకుంటుందేమో" అన్నదానికి ఒకటి, సాలీడుకి ఎన్ని కాళ్ళో రాయనందుకు ఒకటి పోయాయి.

మంచం సంగతి ఎత్తొద్దన్నావు. ఎత్తను.

రెండో అసైన్‌మెంటు పంపుతున్నాను. "ప్రతి జీవీ చుట్టూ జరిగేదానికి ఏదో ఒక రకంగా బదులిస్తుంది. దాన్నే ప్రతిస్పందన అంటాం. మీకు తెలిసిన ఒక జీవి దేనికి ఎలా ప్రతిస్పందిస్తుందో రాయండి." ముట్టుకుంటే ముడుచుకునే మొక్క గురించి సగం మంది రాస్తారని ఇప్పుడే పందెం కాస్తాను. నువ్వు ఆ సగంలో పడకు.

ఇక్కడ వాన తెరిపి లేదు. నిన్న ల్యాబులో లైట్లు పోతే పిల్లలందరూ అరుచుకుంటూ పారిపోయారు. నేనొక్కదాన్నే సూక్ష్మదర్శినుల మధ్య కూర్చున్నాను. లైట్లు వచ్చినా లేవబుద్ధి కాలేదు. అన్నయ్య ఉంటే, అదే, మునుపటిలా ఉంటే, ఫోను చేసి "ఇంకా ఇంటికి పోలేదా, నీ కప్పలు నిన్ను వదల్లేదా" అని ఏడిపించేవాడు.

నీ ఆడపడుచు

*

మన ఇల్లు

అసైన్‌మెంటు రెండు

ఈ జీవి ఎక్కువగా కదలదు. తిండి తనంతట తాను వెతుక్కోదు, నోటికి అందిస్తే మింగుతుంది. గట్టిగా చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. పొద్దున నేను వచ్చి పక్కన కూర్చోగానే మెల్లగా తల నా వైపు తిప్పుతుంది. కనురెప్పలు నెమ్మదిస్తాయి. నేను ఉన్నంతసేపూ అటే చూస్తుంది. సాయంత్రం మళ్ళీ తల తిన్నగా పెట్టేస్తుంది, అప్పటికి నేను వంటింట్లో ఉంటాను. రోజూ ఇంతే. ఒక్కరోజు కూడా తప్పలేదు. దీన్నిబట్టి ఈ జీవికి నేను తెలుసు. నేను కూర్చుంటే దానికి హాయిగా ఉంటుంది.

(ఇంకేమీ రాయడం లేదు. దిద్ది పంపు. వదిన)

*

స్టాఫ్ రూము

వదినా,

నీ పేజీని పిల్లల కట్టలోనే పెట్టి, వాళ్ళవి దిద్దుతూ దిద్దుతూ దాన్నీ దిద్దేశాను. ఎర్రసిరా చూసి జడుసుకోకు, అందరికీ అంతే.

పదికి మూడు. ఎనిమిది తెచ్చుకున్నదానివి ఇలా జారిపోయావేమిటి? జీవి పేరు రాయలేదు. ఏమిటది, తాబేలా? ఎప్పుడు తెచ్చావు, చెప్పనేలేదు! పక్కన రాసినవి మళ్ళీ ఇక్కడ ఎక్కిస్తున్నాను, నా అక్షరాలు నీకు అర్థం కావని. "తల తిప్పింది" అనేది చూసింది. "నేను తెలుసు" అనేది కోరుకున్నది. రెండూ ఒకటి కాదు. నువ్వు రావడంతోపాటు ఇంకేమైనా మారుతోందా? అది చూశావా? ఇంకెవరైనా వచ్చి కూర్చుంటే ఏం చేస్తుంది? పరీక్షించకుండా తేల్చేశావు.

మూడో అసైన్‌మెంటు సరిగ్గా దీని మీదే, నీకు పనికొస్తుంది. "ఒక్క సంగతి మాత్రం మార్చండి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఏం మారిందో చూడండి." ఆ తాబేలుతోనే చెయ్యి. దాని పేరేమిటో రాయి. అన్నయ్యకి చూపించావా?

నీ ఆడపడుచు

*

మన ఇల్లు

తాబేలు కాదు. మీ అన్నయ్య.

*

గది

వదినా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. తల కొట్టేసినట్టయింది. పక్క బల్లమీది ఆవిడ "ఏమైందండీ" అని అడుగుతుంటే తలనొప్పని చెప్పాను. క్లాసుకి సెలవు పెట్టి గదికొచ్చేశాను.

ఎంత పాపిష్టిదాన్ని. మూడు మార్కులు వేశాను. మా అన్నయ్య మీద నీ ప్రాణమంతా పెట్టి రాసినదానికి మూడు! తాబేలా అని అడిగాను. అన్నయ్యకి చూపించావా అని కూడా అడిగాను. రాసిన చెయ్యి విరిగిపోను.

ఆ కాగితం చింపెయ్యి. ఆ పరీక్షా గిరీక్షా ఏమీ వద్దు. అవి బల్లుల్ని, మొక్కల్ని చూసే పిల్లల కోసం. నువ్వు చేస్తావేమో, నీ మొండితనం నాకు తెలుసు, చెయ్యకు వదినా. దండం పెడతాను. నువ్వు "తెలుసు" అన్నావు, నాకు అది చాలు. నిజంగా చాలు.

నువ్వు తిట్టినా సరే, ఒక ముక్క రాయి.

*

గది

వదినా,

జవాబు లేదు. ఫోను చేస్తే ఆయమ్మ ఎత్తింది. "అమ్మగారు కుర్చీలు అటూ ఇటూ మారుస్తున్నారండీ, నన్ను కూడా కూర్చోమంటున్నారు" అంది.

ఆపెయ్యి.

*

మన ఇల్లు, వంటింటి బల్ల

పంతులమ్మా,

నీ మీద కోపం వచ్చిన మాట నిజం. వచ్చిందంటే మామూలుగా కాదు. నీ ఎర్రసిరా కాగితం పొయ్యిలో పెడదామని వంటింట్లోకి తీసుకెళ్ళాను. అగ్గిపుల్ల గీసి, నువ్వు రాసినదే మళ్ళీ చదివాను. "ఇంకేమైనా మారుతోందా?" పుల్ల చేతిదాకా కాలింది.

మా షాపులో ఒక రకం మనుషులు వస్తారు. చూపు తగ్గిందంటే ఒప్పుకోరు. గోడమీది అక్షరాల అట్ట ముందే బట్టీ పట్టి, కుర్చీలో కూర్చుని గడగడా చదివేస్తారు. "చూశారా, నాకేం కాలేదు" అంటారు. అలాంటప్పుడు మేం ఏమీ అనం. అట్ట తిప్పి రెండో వైపు పెడతాం. అప్పుడు నోరు మెదపరు. నేనూ ఇన్ని నెలలుగా ఒకే అట్ట చదువుతున్నానేమో అనిపించింది. ఒకసారి అనిపించాక ఇక కూర్చోలేకపోయాను.

నా కుర్చీ మొదటి నుంచీ ఆయనకి ఎడమ పక్కన, కిటికీ వైపు ఉంది. పొద్దున లేచి కిటికీ తెర పక్కకి లాగి అక్కడ కూర్చుంటాను. ఆయన తిరుగుతారు. మొదట కుర్చీ తీసి కుడి పక్కన వేశాను. తెర లాగి వచ్చి కూర్చున్నాను. ఆయన ఎడమకే తిరిగారు. నాకు ఆయన మెడ వెనక భాగం కనిపించింది. అలవాటు కొద్దీ తిరిగారేమోలే అనుకున్నాను. రెండు రోజులు అలాగే చూశాను, అలాగే తిరిగారు.

తరవాత కుర్చీ మళ్ళీ ఎడమకి వేసి, తెర మాత్రం లాగకుండా కూర్చున్నాను. ఆయన పైకి చూస్తూ ఉండిపోయారు. "ఏవండీ" అన్నాను. చెయ్యి పట్టుకున్నాను. చివరికి పేరు పెట్టి పిలిచాను, పెళ్ళయ్యాక మొదటిసారి. ఇదేం పిలుపే అని కోపమైనా తెచ్చుకుంటారేమో అని. ఏమీ లేదు.

ఆయమ్మని కూర్చోబెట్టి తెర లాగమన్నాను. తిరిగారు. రెప్పలు అలాగే నెమ్మదించాయి. ఆవిడ పాపం బిత్తరపోయి "నన్నే చూస్తున్నారండీ" అంది. ఆ మాట వినగానే నవ్వొచ్చింది, ఎందుకో తెలియదు. ఇంకో పూట తెర లాగేసి ఎవరమూ కూర్చోకుండా తలుపు సందులోంచి చూశాను. ఖాళీ కుర్చీ వైపూ అంతే హాయిగా చూశారు. ఆఖరికి తెర వేసి, కుడి పక్కన దీపం పెట్టాను. కుడికి తిరిగారు.

వెలుగు. ఆయన చూస్తున్నది వెలుగుని. నేను కిటికీకీ ఆయనకీ మధ్యన కూర్చుంటున్నాను, అంతే. ఇన్నాళ్ళూ నేను ఆయనకి అడ్డం.

ఒక పేజీకి మించింది, మార్కులు తగ్గించుకో.

వదిన

*

గది

వదినా,

నువ్వు చేసినదాంట్లో తప్పులున్నాయి. చెప్తాను విను.

రెండు మూడు రోజులు చూస్తే చాలదు. ఆయమ్మ కూర్చున్నప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావేమో, నీ అలికిడి విన్నాడేమో. కుర్చీ మార్చినందుకు తికమకపడ్డాడేమో. తల తిప్పకపోయినంత మాత్రాన తెలియదని ఎలా అంటాం? లోపల తెలిసి, పైకి చూపించలేకపోవచ్చు. మెదడు గురించి ఎవరికి మాత్రం పూర్తిగా తెలుసు? మళ్ళీ చెయ్యి. నెల రోజులు చెయ్యి. నీ చీర కొంగు వాడి చేతిలో పెట్టి చూడు, వాడికిష్టమైన పాట పాడి చూడు. ఏదో ఒకటి దొరుకుతుంది.

ఈ వారం మొదటి సంవత్సరం పిల్లలవి ఒక్క కాగితం దిద్దలేదు. ఎర్ర పెన్ను ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఒకమ్మాయి వచ్చి "మేడమ్, నా చిక్కుడు మొలక కిటికీ వైపు వంగింది, కారణం రాయమంటారా" అని అడిగింది. "రాయొద్దు, పో" అని అరిచేశాను. పాపం, బెంబేలెత్తిపోయింది.

ఆసుపత్రికి వచ్చినప్పుడు అన్నయ్య నన్ను దాటి గోడకేసి చూశాడు. అందుకే మళ్ళీ రాలేదు వదినా, పని ఒత్తిడని నీకు చెప్పింది అబద్ధం. నీ ఉత్తరంలో "ఆయనకి నేను తెలుసు" అని చదివినప్పుడు, పోనీలే, వదిన తెలిసిందంటే ఏదో ఒకనాటికి నేనూ తెలుస్తాను అనుకున్నాను. దాన్నే పట్టుకుని ఉన్నాను. అమ్మానాన్నలు పోయాక నన్ను "ఒసేయ్" అనే మనిషి వాడొక్కడే. వాడికి నేను తెలియకపోతే ఇంక నేను ఎవరికి తెలుసు?

హోములో మంచం వద్దని చెప్పేస్తాను. నువ్వు అక్కడే ఉంచుకో. వాడికి నువ్వు తెలుసు. తెలుసని రాయి.

నీ ఆడపడుచు

*

మన ఇల్లు, వంటింటి బల్ల

ఒసేయ్,

ఇదిగో, నేనన్నాను. ఇక నుంచీ నేను అంటాను, నువ్వు వద్దన్నా సరే.

పాట పాడాను. నువ్వు రాయకముందే పాడాను. కొంగూ పెట్టాను, ఆయన వాడే సబ్బు ముక్కు దగ్గరా పెట్టాను, మీ అమ్మగారి ఫొటో కూడా పెట్టాను. నీకు రాయలేదంతే. నెల కాదు కదా, ఏడాది చేసినా ఇంతే. నువ్వు చెప్పినట్టు లోపల తెలుసేమో. ఉంటే మంచిదే. కానీ నాకు కనబడనిదాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు. నీకు మాట ఇచ్చాను కదా, నాకు నేనుగా నమ్మిన రోజున పంపుతానని. నమ్మాను. పంపుతాను. మంచం వద్దని చెప్పి ఉంటే పరుగెత్తుకెళ్ళి కావాలని చెప్పు.

ఏడవలేదనుకోకు. వంటింట్లో కూర్చుని బాగానే ఏడ్చాను. అన్నిటికన్నా ఏది బాధో తెలుసా? మనసు విప్పి మాట్లాడుకున్నానే ఇన్నాళ్ళూ ఆయనతో, ఆ కుర్చీలో కూర్చుని. కూర ఏం వండానో, కింద వాటాలో ఎవరు దిగారో, నువ్వు ఏం రాశావో, అన్నీ. వింటున్నారనుకుని ఒక్కోసారి ఏదో గుర్తొచ్చి సిగ్గుపడ్డాను కూడా. అదంతా నాలో నేను మాట్లాడుకోవడమే అన్నమాట. ఇప్పుడు గదిలోకి వెళ్తే నోరు రావడం లేదు. పనులు చేసి వచ్చేస్తున్నాను.

షాపాయనతో మాట్లాడాను, పై వారం నుంచి రమ్మన్నాడు. నీకు అక్కడ దగ్గరవుతారు, నాకు దూరమవుతారు. సెలవు దొరికినప్పుడల్లా వస్తాను. నీ గదిలో చాప వేసి పడుకుంటాను, నీ కుక్కర్ విజిలూ వింటాను. ఆ మొలక పిల్లని పిలిచి మంచిగా మాట్లాడు. ఆ అమ్మాయి ఏం తప్పు చేసింది? కారణం రాయమను. అన్ని మార్కులూ వెయ్యి.

ఇక పని మాట. ఆ పెద్ద నర్సుని అడిగి తేల్చుకో. ఆ ఖాళీ అయిన మంచం గోడవారగా ఉంటే ఒప్పుకోకు. కిటికీ పక్కది కావాలి, పొద్దుటి ఎండ వచ్చే కిటికీ. తెరలు ఎవరు తీస్తారో, ఏ వేళకి తీస్తారో అడుగు. మరిచిపోయేవాళ్ళైతే నువ్వే కాలేజీకి వెళ్ళే దారిలో ఆగి తీసి వెళ్ళు.

చూడ్డానికి వెళ్ళినప్పుడు కుర్చీ కిటికీ వైపు వేసుకోకు. రెండో పక్కన కూర్చో. నీ వైపు తిరగరు, నీకు మెడ మాత్రమే కనిపిస్తుంది. ఏమీ అనుకోకు. నేను వచ్చినప్పుడు కూడా ఆ పక్కనే కూర్చుంటాను.

వదిన